ఇరవై నాలుగో సొరుగు

జగ్గయ్యపేట,
4 ఆగస్టు 2025

అత్తయ్యగారికి మేనల్లుడు తిరుపతిరావు నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం, నేను తప్ప. మూడు రోజులుగా నాకు అన్నం సహించడం లేదు. జబ్బు కాదు, సంతోషం. ఫోనులో చెబితే మీకు వినబడదు. మీ మనుమరాలు నిఖితకు చెబితే సగమే చేరుతుంది. అందుకని ఎప్పటిలాగే ఉత్తరం.

వరసగా చెబుతాను. వీధిగోడకు చెమ్మ పట్టిందని తాతయ్య పచారీ కొట్టు నాటి సొరుగుల బల్లను జరిపించాను. మీరు పుట్టి పెరిగిన ఆ కొట్టులోనే ఇప్పుడు నేను పటాలు కడుతున్నాను గదా, ఆ సొరుగుల్లో మేకులూ కొక్కేలూ పెట్టుకుంటాను. ఆరు వరసలు, వరసకు నాలుగు, మొత్తం ఇరవై నాలుగు. అన్నీ బయటికి లాగి తుడుస్తుంటే కిందివరసలో చివరిదాని అడుగు మిగతావాటికంటే కాస్త పైకి ఉన్నట్టు తోచింది. కొలిచాను. సరిగ్గా అర అంగుళం. ఆ పలక విప్పితే కింద ఒక ఫొటో!

అత్తయ్యగారూ, ఎలాంటి ఫొటో అనుకున్నారు! కాళ్ళకు గుర్రపుస్వారీ బూట్లు, నడుముకు కత్తి, చెంప మీదికి సున్నాలా చుట్టిన ముంగురులు. ఒక కాలు కుర్చీ మీద పెట్టి, లోకమంతా తన సొంత కొట్టే అన్నట్టు చూస్తున్న యువతి. కింద ఇంగ్లీషులో ‘మిస్ తారామంజరి, బొంబాయి’ అని అచ్చు.

బొంబాయిలో పాత సినిమాలను భద్రపరిచే సంస్థ ఒకటి ఉంది. అక్కడ పనిచేసే దేవమణి గారికి ఫొటో పంపాను. పది నిమిషాల్లో ఆమే ఫోను చేశారు. మద్రాసు వైపు మనిషి, తెలుగు కొద్దిగా వచ్చు. తారామంజరి మాటల్లేని సినిమాల రోజుల్లో పెద్ద తార. 1927 నుంచి 1931 దాకా పదకొండు చిత్రాలు. అసలు పేరేమిటో, ఏ ఊరో ఎవరికీ తెలియదు. నవంబరులో ఆమె మీద ఒక పుస్తకం తెచ్చి, మిగిలిన నాలుగు నిమిషాల ఫిల్మును జనానికి చూపిస్తారు. పుస్తకం సెప్టెంబరు పదిన అచ్చుకు వెళుతుంది. అప్పటికి రుజువు దొరకకపోతే ‘పుట్టిన ఊరు తెలియదు’ అనే పడుతుంది, శాశ్వతంగా.

నా ఊహ ఇది. తాతయ్యకు బసవమ్మ అని ఒక చెల్లెలు ఉండేదనీ, చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింట్లో ఉండేదనీ, పదిహేడో ఏట ముక్త్యాలలో కార్తీకస్నానానికి వెళ్ళి కృష్ణలో కొట్టుకుపోయిందనీ, శవం దొరకలేదనీ నాన్న చెప్పేవారు. శవం దొరకలేదు గదా! అందుచేత మీకు నాలుగు ప్రశ్నలు.

1. ఈ ముఖంలో మన పోలిక కనబడుతోందా?
2. బసవమ్మగారి గురించి తాతయ్య మీ ఎదుట ఎప్పుడైనా మాట్లాడారా?
3. ఆ ఏడు పేటకు డేరా సినిమా వచ్చిందని విన్నారా?
4. ఈ మనిషిని ఇదివరకు ఎక్కడైనా చూశారా?

ఫొటో నకలు జతపరిచాను. మాగాయ అయిపోయింది. ఇది ప్రశ్న కాదు, సమాచారం.

ఆత్రంతో,
తిరుపతిరావు

*

నందిగామ,
9-8-25

చిరంజీవి తిరుపతిరావుకి అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం వరలక్ష్మీవ్రతం నాడు అందింది. మోకాళ్ళు వంగక కుర్చీలో కూర్చునే పూజ చేసుకున్నా. అమ్మవారికి లేని అభ్యంతరం మా కోడలికి వచ్చింది, అది వేరే సంగతి.

నీ నాలుగు ప్రశ్నలకీ కలిపి ఒకటే జవాబు: వద్దు.

బసవమ్మత్త కృష్ణలో పోయింది. మా నాన్న చెప్పాడు, అయిపోయింది. ఆ ఫొటోలో మనిషికీ మనకీ ఏ సంబంధమూ లేదు. దాన్ని పొయ్యిలో పెట్టు. పొయ్యి లేదంటావేమో, గ్యాసు మీద కాల్చు.

పోయినవాళ్ళ సొరుగులు లాగొద్దురా. మీ తాత పేరు చెబితే పేటలో ఇప్పటికీ నలుగురు చేతులు జోడిస్తారు. ఆ మాత్రం చాలు మనకి.

మాగాయ నిఖిత బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుద్ది. సీసా తిరిగి పంపు. పోయినసారి సీసా కూడా నీ దగ్గరే ఉంది.

సత్యనారాయణమ్మ

*

జగ్గయ్యపేట,
14 ఆగస్టు 2025

అత్తయ్యగారికి నమస్కారాలు.

మాగాయ అందింది. రెండు సీసాలూ కడిగి ఎండబెట్టాను. ముక్త్యాల నుంచి వచ్చే సిమెంటు లారీల దుమ్ము పడకుండా మూతలు పెట్టి మరీ.

మీ మనసులోని మాట నాకు అర్థమైంది. సినిమా మనిషి మన ఇంటి మనిషి అంటే పరువు తక్కువని మీ ఉద్దేశం. దేవమణి గారు పంపిన వివరాలు వింటే అది మారుతుందని నా నమ్మకం.

మొదటి చిత్రంలో తారామంజరి నీళ్ళకుండ మోసుకుపోయే వేషం వేశారు, పదిహేను సెకన్లు. నాలుగో చిత్రానికి గోడ పోస్టర్ల మీద హీరో పేరుకంటే పైన ఆమె పేరు. గుర్రం మీద నుంచి కదిలే రైలు మీదికి తానే దూకారు. ఒకసారి చెయ్యి విరిగితే కట్టు కనబడకుండా ఒక భుజం మీద శాలువా కప్పుకొని నటించారట. ఆ ఏడాదంతా బొంబాయి కాలేజీ అమ్మాయిలు ఒక భుజం మీదే శాలువా వేసుకున్నారట! ఆమె పేరున గాజులు వచ్చాయి, అగ్గిపెట్టెల మీద ఆమె బొమ్మ వచ్చింది. సొంత కారు తానే నడుపుకుంటూ వెళుతుంటే ట్రాముబండ్లలో జనం ఒకవైపుకే ఒరిగేవారట.

1931లో మాటల సినిమా వచ్చింది. ఆమెకు హిందీ రాదు. గొంతు పరీక్షకు రమ్మంటే వెళ్ళలేదు. ఆ తర్వాత సినిమావాళ్ళకు దుస్తులు కుట్టే కార్ఖానా పెట్టి, దిక్కులేని ఆడవాళ్ళు ముప్ఫైమందికి పని నేర్పి, 1953లో పోయారు. పది చిత్రాలు పూర్తిగా నశించాయి. ఒక్క 1929 నాటి చిత్రం మాత్రం నాలుగు నిమిషాలు మిగిలింది.

ఇందులో తలవంచుకోవలసింది ఏముంది చెప్పండి? కాబట్టి మీ అనుమతి లభించినట్టే భావించి తాతయ్య పేరు, మన కొట్టు చిరునామా దేవమణి గారికి పంపాను. రుజువు ఒక్కటే తక్కువ.

సవినయంగా,
తిరుపతిరావు

*

నందిగామ,
21-8-25

తిరుపతీ,

ఆశీస్సులు తర్వాత. ఎవరిచ్చారురా నీకు అనుమతి? ‘లభించినట్టే’ అంట!

సినిమా అంటే నాకు చిన్నచూపని నీతో ఎవరన్నారు? చెవులు పోయిన ముప్ఫై ఏళ్ళుగా టీవీలో సినిమాలు పెదాలు చూసే అర్థం చేసుకుంటున్నా. డబ్బింగు సినిమా అయితే ఇంట్లో అందరికంటే ముందు నేనే పట్టుకుంటా. నా బాధ సినిమా కాదు. చెప్పకూడదనుకున్నా, చెప్పించావు.

నాకు పదేళ్ళు. నలభై తొమ్మిదో సంవత్సరం. మిట్టమధ్యాహ్నం కొట్టు ముందు కారు ఆగింది. నలభై ఏళ్ళ మనిషి దిగింది. తెల్లచీర, నల్లకళ్ళద్దాలు. అద్దాలు తీస్తే ఎడమ కనుబొమ్మని రెండుగా చీల్చిన గాటు. నీ ఫొటోలో చూసుకో, అదే గాటు. అదే మనిషి.

మన కొట్టుకి ఒక పద్ధతి ఉండేది, నువ్వు పుట్టేనాటికే పోయింది. సొరుగుల మీద పేర్లు రాసేవాళ్ళు కాదు. ఎందులో ఏముందో ఒక వరస. ఇంట్లో పిల్లలందరం ఆ వరస పాటలాగా కంఠతా పట్టాలి. ఇరవై మూడు నోటితో చెప్పాలి. ఇరవై నాలుగోది అనకూడదు, కుడి మోచేతి కింద ఎడమచెయ్యి పెట్టుకుని అరచెయ్యి చాపాలి. అందులో పటికబెల్లం ఉండేది. తప్పు లేకుండా చెబితే ఒక పలుకు చేతిలో పెడతారు. తప్పితే మళ్ళీ మొదటికి. ఆ వరస బయటివాళ్ళ చెవిన పడనిచ్చేవాళ్ళం కాదు.

ఆవిడ బల్ల వంక కూడా చూడకుండా ఒకటో సొరుగు నుంచి మొదలెట్టి ఇరవై మూడూ వరసగా అడిగింది. మా నాన్న తలెత్తలా. ఒక్కొక్కటీ పొట్లం కట్టాడు. ఆఖర్న ఆవిడ చెయ్యి చాపింది. మా నాన్న ఆ చేతి వంక ఎంతసేపు చూసాడో! పటికబెల్లం తీసి పెట్టాడు. ఒక్క మాట లేదు ఇద్దరి మధ్యా. కారెళ్ళిపోయింది. పట్టపగలు కొట్టు కట్టేసాడు. “ఎవరు నాన్నా ఆవిడ? మన పటికబెల్లం ఆవిడకెందుకు పెట్టావ్?” అన్నా. చెంప మీద కొట్టాడు. జన్మలో నన్ను కొట్టింది అదొక్కసారే.

ఏడ్చుకుంటా పోయి మా అమ్మకి చెప్పా. మన ఇంటి వరస పరాయి ఆడదానికి ఎవరు నేర్పారు? ఆయనే, ఇంకెవరు! మా అమ్మ కీసర పుట్టింటికి పోయి రెండు నెలలు రాలా. వచ్చినా పోయేదాకా ఆయనతో ముక్తసరే.

ఇప్పుడు తెలిసిందా? నీ తార మీ తాత చిన్నిల్లు. ఆ పేరు పుస్తకంలో వేయిస్తావా? చిరునామాతో సహా!

నీకు అత్తయ్యనే, ఇంకా నువ్వు అనుకుంటే,
సత్యనారాయణమ్మ

*

జగ్గయ్యపేట,
25 ఆగస్టు 2025

అత్తయ్యగారికి, తప్పు చేసిన మేనల్లుడు పాదాభివందనం చేసి వ్రాస్తున్నది.

మీ ఉత్తరం తొమ్మిదిసార్లు చదివాను. మిమ్మల్ని అడగకుండా చిరునామా పంపడం క్షమించరాని తొందర. మీరు చెప్పేవరకు ఒక్క అక్షరం కూడా అచ్చు వేయవద్దని దేవమణి గారికి చెప్పాను. మీరు వద్దంటే ‘తెలియదు’ అనే పడుతుంది. నేను మళ్ళీ ఎత్తను.

కానీ మీ ఉత్తరం చదివాక దేవమణి గారు పంపిన ఫిల్మును మళ్ళీ మళ్ళీ చూశాను. ఎందుకో చెప్పను. సాక్షికి ముందే చెబితే సాక్ష్యం చెల్లదు. ఆ నాలుగు నిమిషాల ఫిల్ము నిఖిత ఫోనుకు పంపాను. ఒక్కసారి చూడండి. సూచనలు మూడు.

1. టీవీకి తగిలించి పెద్దగా చూడండి.
2. సగం వేగంతో నడిపించమనండి. ఆనాటి ఫిల్ము ఇప్పుడు పరుగెడుతున్నట్టు కనబడుతుంది.
3. మూడో నిమిషంలో వెన్నెల తోట వస్తుంది. విడిచివెళ్ళబోయే హీరో ఎదుట తారామంజరి కన్నీళ్ళతో చాలాసేపు మాట్లాడుతుంది. పుస్తకంలో ఆ ఘట్టానికి ‘ప్రేమభిక్ష’ అని పేరు పెట్టారు. ఆమె ఏమంటోందో తొంభై ఆరేళ్ళుగా ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. అక్కడ పెదవులు చూడండి.

పుస్తకం అచ్చుకు వెళ్ళడానికి పదహారు రోజులున్నాయి. తొందరపెట్టడం లేదు, లెక్క మాత్రం చెప్పాను.

మీ
తిరుపతిరావు

*

నందిగామ,
1-9-25

ఒరేయ్ తిరుపతీ!

ఇది పోస్టులో వెయ్యట్లా. నిఖితే బస్సెక్కి తెస్తోంది. దానికి కాఫీ ఇచ్చి, చదివేదాకా పక్కన కూర్చోబెట్టుకో.

మొదటిసారి చూస్తే ఏం తెలీలా. కళ్ళ కాటుక తప్ప ఏం కనబడలా. రెండోసారి పెదాలు రెండుసార్లు కలిసాయి. “ఆపవే, వెనక్కి పెట్టు” అన్నా. నిఖిత “ఏంటి నాయనమ్మా, ఏమంటోంది?” అంటా నా మొహంలో మొహం పెట్టింది. “మిరియాలు, మెంతులు అంటోందే!” అన్నా. అది నాకు మతి పోయిందనుకుంది.

పదకొండుసార్లు చూసా. పెదాలు కలిసే మాటలు కళ్ళకి కట్టినట్టు తెలిసాయి. మిగతావి వరస తెలుసు గనక పట్టుకున్నా. రాసుకో.

మిరియాలు మెంతులు ఆవాలు జీలకర్ర,
ధనియాలు వాము ఇంగువ పసుపు,
శొంఠి పిప్పళ్ళు లవంగాలు యాలకులు,
దాల్చినచెక్క జాజికాయ జాపత్రి కరక్కాయ,
వసకొమ్ము గసగసాలు సోంపు సగ్గుబియ్యం,
కుంకుడుకాయ కర్పూరం సాంబ్రాణి...

ఆపైన చెయ్యి. మోచేతి కింద ఎడమచెయ్యి పెట్టుకుని మరీ!

ఆ హీరో చూడు, గుండె పట్టుకుని కరిగిపోతుంటాడు. ఆవిడేమో వాడితో కుంకుడుకాయ, కర్పూరం అంటోందిరా! నేనూ నిఖితా నవ్వీ నవ్వీ సోఫాలో పడిపోయాం. అక్కడి భాష రాదు కదా, ఏదో ఒకటి మాట్లాడు, పెదాలు కదిలితే చాలని ఉంటారు. కన్నీళ్ళు రావాలంటే ఏం చెప్పాలో ఆవిడకి తెలుసు.

తర్వాత నేను ఏడ్చా.

ఈ సినిమా ఇరవై తొమ్మిదిలోది అంటున్నావు. మా నాన్న జన్మలో బెజవాడ దాటలా. పైగా పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్ళు తలుచుకుని తలుచుకుని చెబుతారు. ఏడుస్తా కూడా తప్పకుండా చెప్పాలంటే పాలపళ్ళప్పుడు పట్టిందై ఉండాలి. అది మా మేనత్త బసవమ్మే. కృష్ణలో పోలా. నువ్వన్నట్టు డేరా సినిమాతోనే పోయుంటుంది. ఇంట్లోవాళ్ళు కృష్ణలో కలిపేసారు.

ఆ రోజు ఆవిడ సరుకులకి రాలేదురా. అన్న ఎదుట వరస అప్పజెప్పింది. ఆయన తప్పు లేదని పటికబెల్లం పెట్టాడు. పరాయిదని చిన్నిల్లని నేను మా అమ్మ కాపురంలో నిప్పులు పోసా. మా నాన్న ఒక్క మాట చెప్పి ఉంటే! చచ్చిపోయిందని ఊరంతా చెప్పినవాడు బతికుందని ఏ నోటితో చెబుతాడు? ఆ ఫొటో దాచుకున్నాడు, మాట పడ్డాడు. డెబ్భై ఆరేళ్ళు నేను ఆయన్ని తప్పుగా చూసా. ఆయన ఫొటో నా బీరువాలో చీరల కింద బోర్లా ఉంది. నిఖిత చేతికిచ్చా. అన్నాచెల్లెళ్ళని పక్కపక్కన పెట్టి మంచి పటం కట్టు.

పేరు వేయించు. పెద్దక్షరాలతో. ఊరు కూడా.

అత్తయ్య

*

జగ్గయ్యపేట,
11 నవంబరు 2025

అత్తయ్యగారికి, బొంబాయి నుంచి నిన్న దిగిన మేనల్లుడి నమస్కారాలు.

మీరు పంపిన వరస చదివి దేవమణి గారు ఫిల్మును మీ మాటలతో సరిచూశారు. ఇరవై మూడు మాటలకు ఇరవై మూడు కదలికలు సరిపోయాయి. ఫోనులోనే ఇద్దరం అరిచాం. ఇక్కడ పటం కట్టించుకోవడానికి వచ్చిన కీసర రైతు “ఏందండీ, లాటరీనా?” అన్నాడు. అవునన్నాను.

పుస్తకంలో ఇలా పడింది: ‘తారామంజరి. అసలు పేరు బసవమ్మ. పుట్టిన ఊరు జగ్గయ్యపేట, కృష్ణా జిల్లా.’ ఆ ఘట్టం పేరు కూడా మార్చారు. ‘ప్రేమభిక్ష’ పోయి ‘పటికబెల్లం’ వచ్చింది. మీ పేరు పదిహేడో పుటలో ఉంది. ప్రతి వేరుగా పంపుతున్నాను.

శనివారం సాయంత్రం ప్రదర్శన. హాలులో రెండువందల మంది. ప్రారంభానికి గంట ముందు దేవమణి గారు నా దగ్గరకు వచ్చి, “పాత రోజుల్లో తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పేవారు సార్. ఇవాళ ఆమె మాటలు మీరు చెప్పండి” అన్నారు. పదో తరగతితో ఆపినవాణ్ణి, మైకు ఎరగనివాణ్ణి. రాదనబోయాను. అప్పుడు మీరు గుర్తొచ్చారు.

వరస కాగితం మీద వ్రాసుకొని వెళ్ళాను. దీపాలు ఆర్పాక కాగితం కనబడలేదు! తెర మీద వెన్నెల తోట వచ్చేసింది. ఆమె పెదవులు విప్పారు. నేనూ విప్పాను. సరుకుల అర్థాలు ముందే అచ్చువేసి పంచారు కాబట్టి జనం మిరియాల దగ్గర నవ్వారు, ఇంగువ దగ్గర మరీ నవ్వారు. గసగసాలు వచ్చేసరికి నవ్వు సన్నగిల్లింది. సాంబ్రాణి అని నేను ఆగిపోయాను. ఆమె చెయ్యి చాపారు. ముందువరసలో ఒక పెద్దావిడ, తనకు తెలియకుండానే, తెర వైపు చెయ్యి చాపింది, ఏదో పెట్టబోతున్నట్టు. నాకు తాతయ్య కనిపించారు.

తర్వాత అందరూ లేచి నిలబడి కొట్టిన చప్పట్లు రెండు నిమిషాల పైన. గడియారం చూశాను.

ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పగలిగానని సవినయంగా మనవి చేస్తున్నాను. వీడియో నిఖితకు పంపాను. పటం సిద్ధంగా ఉంది. టేకు చట్రం, గాజు కూడా మంచిది.

గర్వంతో,
తిరుపతిరావు

*

నందిగామ,
17-11-25

చిరంజీవి తిరుపతిరావుకి అత్తయ్య ఆశీస్సులు.

పుస్తకం అందింది. పదిహేడో పుట మా కోడలికి రెండుసార్లు చదివి వినిపించా. తను అడిగి కాదు, నేనే పిలిచి.

వీడియో చూసా. కోటు బాగుంది. పక్కన మా మేనత్త అంత పెద్ద తెర మీద వెలిగిపోతుంటే నిన్ను చూడబుద్ధి కాలా. అయినా చూసా. జాపత్రి తర్వాత వసకొమ్ము అన్నావు. కరక్కాయ ఎగరగొట్టావు. నీ మూతి కదలకుండా ఆవిడ మూతి కదిలింది. అక్కడ ఆవిడ ముందుండి నువ్వు వెనకబడి, గసగసాల దగ్గర పరిగెత్తి కలుసుకున్నావు. రెండువందల మందికి తెలియకపోవచ్చు, నాకు తెలుసు.

మన ఇంట్లో తప్పితే మళ్ళీ మొదటికి.

ఆదివారం రా. పటం తీసుకురా, మేకు కూడా నువ్వే తెచ్చుకో. గోడకి పెట్టాక మా నాన్న ఎదుట, మా మేనత్త ఎదుట నిలబడి ఇరవై మూడూ చెప్పు. సరిగ్గా చెబితే చెయ్యి చాపు. బజారు నుంచి తెప్పించి పెట్టా.

సీసాలు మర్చిపోకు.

సత్యనారాయణమ్మ